సగం కారులో దొరికిన పాట

మొన్న ఒక సాయంత్రం మస్కట్‌లో, రూవి పేటలో పని చూసుకుని ఇంటికి వస్తున్నాం. కారు మా అమ్మాయి నడుపుతోంది. ఫోనులోంచి ఏదో పాట పెట్టింది. మొదట కీబోర్డు, ఆ వెనకే గిటారు, తర్వాత ఒక ఆడగొంతు. జపాన్ పాట. ఆ గొంతు పల్లవి అందుకోకముందే పల్లవి నా నోట్లోంచి వచ్చేసింది. మాటలు కావవి. చిన్నప్పుడు చెవిన ఎలా పడ్డాయో అలాగే మిగిలిపోయిన చప్పుళ్ళు.

సిగ్నల్ దగ్గర మా అమ్మాయి బ్రేకు కాస్త గట్టిగానే వేసింది.

"నాన్నా, ఇది నీకెట్లా తెలుసు? ఇది మా వయసు వాళ్ళ పాట!"

"మీ వాళ్ళు పుట్టకముందు నుంచీ మా పాట" అన్నాను.

తను నవ్వి శబ్దం పెంచింది. నేను పాడుతూనే ఉన్నాను. రెండో చరణం సగానికి వచ్చేసరికి ఆగిపోయాను. నాకు తెలిసిన పాట అక్కడితో అయిపోతుంది. అక్కడ టక్కుమని ఒక చప్పుడు రావాలి. రాలేదు. ఆ గొంతు నన్ను వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది. ఆ సగం చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు విన్నానేమో, చెవిలో ఏమీ మిగల్లేదు.

"పక్కకు ఆపమ్మా" అన్నాను.

ఆపింది. చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను కూడా. "చిన్నతనం, పోనిద్దూ" అనేవాళ్ళు అంటారు. చిన్నతనం అనే మాట వెనక చాలా ఏళ్ళు దాక్కున్నాను. ఇక దాక్కోను.

అప్పట్లో మేము రూవిలో ఒక మూడంతస్తుల బిల్డింగులో, మొదటి అంతస్తులో ఉండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీ స్టోరులో పనిచేసేవాడు. అమ్మ బాల్కనీలో నూనె డబ్బాల్లో గోంగూర పెంచేది. కింద రోడ్డు మీద బైజా బస్సులనే చిన్న వ్యాన్ల వాళ్ళు రేవు వైపు వెళ్ళేవాళ్ళ కోసం "మత్రా, మత్రా" అని అరుస్తుంటే ఆ అరుపుల మధ్యే నేను లెక్కలు చేసుకునేవాణ్ణి. నాకు పదిహేనేళ్ళు. తెలివైనవాణ్ణని అందరూ అనేవారు. నేనూ నమ్మాను.

అమ్మ తమ్ముడు, మా మామ, రూవికి దగ్గర్లోనే వాదీ కబీర్‌లో ఒక పాత కార్ల యార్డులో పనిచేసేవాడు. జపాన్ నుంచి పెద్ద పెద్ద కంటైనర్లలో సగానికి కోసిన కార్లు వచ్చేవి. ఇంజను, ముందు చక్రాలు, డ్యాష్‌బోర్డు ఉంటాయి. వెనక సీట్లు, డిక్కీ ఉండవు. వాటిని యార్డులో హాఫ్ కట్ అనేవాళ్ళు. వాటిని నట్టు నట్టుగా విప్పి సామాన్లు వేరు చేయడం మామ పని. సెలవుల్లో నేను పొద్దున్నే బస్సెక్కి అక్కడికి వెళ్ళేవాణ్ణి.

కొత్తగా దిగిన హాఫ్ కట్ తలుపు తీస్తే ఒక వాసన వచ్చేది. పాత సిగరెట్టు, తడిసి ఆరిన స్పాంజి, పేరు తెలియని పువ్వు అత్తరు. సముద్రం మీద వారాల తరబడి మూసుకుని వచ్చిన గాలి.

"పీల్చుకోరా, జపాన్ గాలి. వీసా లేకుండ అచ్చింది" అనేవాడు మామ.

సీట్ల సందుల్లో తలపిన్నులు, అగ్గిపెట్టెలు, మడతలు పడిన రోడ్డు మ్యాపులు దొరికేవి. ఒకసారి పసిపిల్లల మేజోడు ఒక్కటి దొరికింది. మామ దాన్ని పారేయలేదు, అద్దానికి వేలాడదీశాడు. పానా పట్టుకునే ముందు మామ చేసే మొదటి పని, బ్యాటరీ వైర్లు తగిలించి కారు క్యాసెట్ డెక్కు బటన్ నొక్కడం. క్యాసెట్ ఏదైనా ఉంటే నాలుక చాచినట్టు బయటికి వచ్చేది. ఆ డెక్కుల్లో రేడియో దండగ. జపాన్ రేడియో ముల్లు మస్కట్ స్టేషన్ల దాకా పోదు. ఎంత తిప్పినా గుసగుస తప్ప ఏమీ రాదు. అందుకని అర్బాబు, అంటే యార్డు యజమాని, క్యాసెట్లను పట్టించుకునేవాడు కాదు. ఎవరు విప్పిన కారులోది వాళ్ళకే.

అలా ఒక తెల్ల కారులో ఆ క్యాసెట్ దొరికింది. కంపెనీది కాదు. ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్నది. అట్ట మీద నీలం సిరాతో, చీమలు బారు తీరినట్టు, జపాన్ రాత. అందులో మూడో పాట అది.

ఆ పాట మొదటిసారి విన్నరోజు మామ పానా కింద పెట్టేశాడు. పక్క షెడ్డులో పనిచేసే కడప భాయ్ చాయ్ గ్లాసుతో వచ్చి కాసేపు విన్నాడు.

"ఏం మియా, ఆ పాప ఏమంటాండాది? పంటినొప్పితో ఏడ్చినట్టుండాదే" అన్నాడు.

"పంటినొప్పి కాదు భాయ్. దిల్ కా దర్ద్. ఆమె ఎవన్నో ఇష్టపడ్డది. వాడు ఇటు దిక్కు సూస్తలేడు."

"నీకు జపాన్ బాస ఎప్పుడొచ్చె?"

"ఏడ్సుడు ఏ బాసల ఏడ్సినా ఒకటే గద."

భాయ్ పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి మామ పేరు జపాన్ అల్లుడు. "క్యా జీ జపాన్ కే దామాద్, ససురాల్ సే ఖత్ ఆయా క్యా?" అని, అత్తారింటి నుంచి ఉత్తరం వచ్చిందా అని యార్డంతా ఏడిపించేవారు. మామ ఉడుక్కునేవాడు కాదు. "అచ్చింది, నీకు సలాం చెప్పమన్నరు" అనేవాడు.

మామ అంత కచ్చితంగా ఆ పాట అర్థం చెప్పడానికి కారణం మా బిల్డింగు మూడో అంతస్తులో ఉంది.

అక్కడ ఒక గుంటూరు కుటుంబం ఉండేది. వాళ్ళింట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఒక నర్సు ఉండేది. నేను అక్క అని పిలిచేవాణ్ణి. రూవిలోనే ఒక క్లినిక్కులో పని. డ్యూటీ నుంచి వస్తుంటే మెట్లమీద డెట్టాల్ వాసన, దాని వెనక పౌడరు వాసన. నాకు సైన్సు బొమ్మలు గీయడం నేర్పింది. "గుండె బొమ్మ అంటే గ్రీటింగ్ కార్డు మీద బొమ్మ కాదురా బాబూ, గొట్టాలుంటాయి, సరిగ్గా గియ్యి" అనేది. ఆమె సంచీ మోయడానికి నేను కావాలని మెట్ల దగ్గర నిలబడేవాణ్ణి. ఇది కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అబద్ధమవుతుంది. నాకు ఆమె అంటే ఇష్టం. పదిహేనేళ్ళ ఇష్టం ఎంత ఉంటుందో అంత.

మామ శుక్రవారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. నాన్న మత్రా చేపల మార్కెట్టు నుంచి వంజరం తెచ్చేవాడు. అమ్మ చింతపండు పులుసు పెట్టేది. ఒక శుక్రవారం మామ వేలికి రేకు గీసుకుని రక్తం కారుతుంటే అక్క కిందికి వచ్చి శుభ్రం చేసి, ప్లాస్టరు చుట్టి, మిగిలిన చుట్ట మామ చేతిలో పెట్టింది. "పనిలో జాగ్రత్తండీ. వేళ్ళు స్పేరు పార్టులు కావు కదా" అంది. అంతే. మామ ఆ పూట చేప ముల్లు కూడా చూడకుండా తిన్నాడు.

ఆ రోజుల్లో ఉత్తరాలు రాయలేనివాళ్ళు క్యాసెట్లలో మాట్లాడి ఇంటికి పంపేవాళ్ళు. రూములో అందరూ బయటికి వెళ్ళాక టేప్ రికార్డరు ముందు కూర్చుని, రెండుమూడుసార్లు దగ్గి, "అందరు మంచిగున్నరా, నేను మంచిగున్న" అని మొదలుపెట్టేవారు. సెలవు మీద వెళ్ళేవాడి పెట్టెలో అలాంటివి పదైనా ఉండేవి. మామకు చదువు అంతంత మాత్రం. మనసులో మాట చెప్పాలంటే అతనికి తెలిసిన దారి అదొక్కటే.

ఆ జపాన్ క్యాసెట్ పైఅంచున, దాని మీద మళ్ళీ రికార్డు కాకుండా విరగ్గొట్టిన గుంట ఉంది. అది మూస్తే మళ్ళీ రికార్డవుతుందని మామ ఆ గుంట మీద అక్క ఇచ్చిన ప్లాస్టరు ముక్క అంటించాడు. మూడో పాట సగం వరకు ఉంచి, అక్కడి నుంచి తన గొంతు పెట్టాడు. కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.

"ఒరేయ్ అల్లుడా, గిది మీదింటి అక్కకియ్యాలె. ఇంకెవ్వలకు ఇయ్యొద్దు. నువ్వు సుత ఇనొద్దు. ఇంటివా, పానాతోని నీ పండ్లు ఇప్పుత."

"విననులే మామా" అన్నాను.

మర్నాడు బడి నుంచి రాగానే విన్నాను.

పాట సగంలో టక్కుమని తెగింది. మూడుసార్లు దగ్గు. తర్వాత మామ గొంతు: "మీరు మంచిగున్నరా, నేను మంచిగున్న." ఆమె ఉండే బిల్డింగుకే వారం వారం వచ్చే మనిషి, ఊళ్ళో ఉన్న తల్లితో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చింది. చివరికి వచ్చేసరికి నవ్వు పోయింది. గోళ్ళ కింద గ్రీజు పోని మనిషికి ఇంత ధైర్యమా అనుకున్నాను. నేను మెట్ల మీద సంచులు మోస్తూ కూడా అనలేని మాట, ఇతనెవరు అనడానికి అనుకున్నాను. ఇది అసూయ ఒక్కటే అయితే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాను. అందులో చిన్నచూపు కూడా ఉంది. మా అమ్మ తమ్ముణ్ణి, నాకు జపాన్ గాలి పీల్పించినవాణ్ణి, నేను తక్కువగా చూశాను.

టేపు వెనక్కి తిప్పాను. మామ దగ్గు మొదలయ్యే చోట ఆపాను. ప్లే, రికార్డు బటన్లు రెండూ కలిపి నొక్కి, అతని మాటలు అయిపోయేదాకా తిరగనిచ్చాను. పాటను ముట్టుకోలేదు. పాట అంటే నాకు ప్రేమ ఉంది. మామ అంటే లేకపోయింది.

నాలుగు రోజులయ్యాక మామ యార్డు నుంచి నేరుగా వచ్చి మెట్ల కింద నన్ను పట్టుకున్నాడు.

"ఇచ్చినవా?"

"ఇచ్చాను."

"ఇన్నదా?"

"విన్నది. నవ్వింది. వద్దని చెప్పమంది. క్యాసెట్ వాపసిచ్చింది."

ఇందులో ప్రతి మాటా అబద్ధమే. అన్నిటికన్నా నీచమైనది "నవ్వింది". అది లేకపోయినా నా పని జరిగేది. అయినా చేర్చాను.

మామ చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఇక శుక్రవారాలు రాడనుకున్నాను.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పక్క పాపిడి, చేతిలో మత్రా సూక్ బజారు నుంచి తెచ్చిన హల్వా గిన్నె. మా గుమ్మం దగ్గర ఆగలేదు. నేరుగా పైకి ఎక్కుతున్నాడు. అమ్మ గాబరాపడి "ఎటురా?" అంది.

"మీదికి. అడగాల్సింది ఉన్నది."

అమ్మ వెనక నేనూ ఎక్కాను. తలుపు అక్కే తీసింది. లోపల ఇంటివాళ్ళు అన్నాల దగ్గర కూర్చున్నారు. ఇంకొకరైతే వాళ్ళను చూసి వెనక్కి తిరిగేవారు. మామ తిరగలేదు.

"మీరు నవ్విన్రట. నవ్వున్రి, దానికేం లేదు. గని వద్దన్న మాట పోరనితోని పంపితె నేను ఒప్పుకోను. నా మొకం మీద చెప్పున్రి, ఇంటా."

అక్క అయోమయంగా చూసింది. "ఎవరండీ నవ్వింది? ఏ మాట?"

"క్యాసెట్ ఇన్నరు గద."

"ఏ క్యాసెట్టండీ?"

ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. అమ్మ కూడా. వంజరం పులుసు వాసన మూడంతస్తులూ నిండి ఉంది. ఆ వాసన ఇప్పటికీ నాకు ఆ మెట్లనే గుర్తు చేస్తుంది.

మామ అక్క వైపు తిరిగి, అందరి ముందూ, తలెత్తి అడిగాడు: "అయితె ఇప్పుడు అడుగుతున్న. మీరంటె నాకు ఇష్టం. మీకు?"

అక్క సూటిగా చెప్పింది. "మీరంటే మర్యాద ఉందండీ. మీరనుకునే ఇష్టం మాత్రం లేదు. ఉందని అనలేను."

"మంచిది" అన్నాడు మామ. "ఇప్పుడు ఇన్న." హల్వా గిన్నె ముందుకు చాచాడు. "గిది మాత్రం తీసుకోవాలె. మీరు అవునంటె ఇద్దామని తేలే. శుక్రారమని తెచ్చిన."

అక్క తీసుకుంది. మామ మెట్లు దిగాడు, ఎక్కినంత నిటారుగానే.

నేనూ దిగబోతుంటే అక్క పిలిచింది. అరవలేదు. "కాదనాల్సింది ఎవర్రా? నేను. ఆ మాట కూడా నా దగ్గర లాక్కున్నావా? ఒక మనిషి నన్ను అడిగాడన్న సంగతే నాకు తెలీనివ్వలేదు నువ్వు" అంది. తలుపు వేసేసింది. గుండె బొమ్మలు అక్కడితో ఆగిపోయాయి. ఏడాది తిరగకుండా ఆమె వేరే దేశం వెళ్ళిపోయింది. క్షమించమని అడగడానికి రెండు అంతస్తులు ఎక్కితే చాలు. అందుకు కావలసినన్ని రోజులు నాకున్నాయి. ఎక్కలేదు.

ఎలాగూ కాదనేదేగా, నేను చెడగొట్టిందేముంది అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆమె కాదంటుందని నాకు తెలీదు. అవునంటుందేమోనన్న భయంతోనే ఆ బటన్లు నొక్కాను.

ఆ సాయంత్రం మామ క్యాసెట్ అడిగి తీసుకెళ్ళాడు. మర్నాడే తెచ్చి నా పుస్తకాల మీద పెట్టాడు.

"ఉంచుకో. నువ్వు చేసింది నీ కాడనే ఉండాలె."

నెల తిరక్కుండా, ఎడారి వైపున్న ఇబ్రి ఊళ్ళో పని చూసుకుని వెళ్ళిపోయాడు. యార్డులో భాయ్ వాళ్ళు "ఏం జపాన్ అల్లుడూ, లడ్కీ ఖల్లాస్?" అని నవ్వితే, "నేను అడిగిన. మీల ఎవ్వడన్న అడిగిండా?" అన్నాడట. భాయ్ చాలా కాలం తర్వాత నాకు ఈ మాట చెప్పి, "మేం నోర్లు మూసుకున్న్యాం రా" అన్నాడు. అమ్మ నాతో నెల రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. "వాడు నా తమ్ముడురా. నీకు ఆటబొమ్మ అయిండా?" అని ఒక్కసారే అడిగింది.

క్యాసెట్‌లో ఏముందో అప్పుడు విన్నాను. పాట సగం, టక్కు, ఆ తర్వాత ఖాళీ ఉంటుందనుకున్నాను. రికార్డు నొక్కితే చెరిగిపోతుందని తెలుసుగాని, ఆ టేప్ రికార్డరుకు మైకనే చెవి కూడా ఉందన్న సంగతి మరిచాను. నేను మామ మాటలు చెరుపుతున్నంతసేపూ అది మా ఇంటిని వింటూ ఉంది. ఏసీ రొద, కుక్కరు మూడు కూతలు, కింద "మత్రా, మత్రా" అన్న అరుపు. తర్వాత వంటింట్లోంచి అమ్మ: "ఒరేయ్, ఎంత సేపటిసంది పిలుస్తున్న! బువ్వ సల్లగైతుంది, రా!"

అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ వయసు అమ్మ గొంతు నాకు ఇంకెక్కడా లేదు. ఆ బిల్డింగు లేదు, ఆ గోంగూర డబ్బాలు లేవు. అన్నీ కలిసి నా తప్పు మీద రికార్డయి ఉన్నాయి. అది వినాలంటే ప్రతిసారీ నేను చేసింది దాటుకుని వెళ్ళాలి.

ఇదంతా విని మా అమ్మాయి కారులోనే ఫోను తీసి పాట మాటల అర్థం వెతికింది.

"మొదటి సగంలో ఏడుస్తుంది నాన్నా. ఇబ్రి తాత అన్నది కరెక్టే. అతను ఇటు చూడడు. రెండో సగంలో మాత్రం ఏడుపు లేదు. నువ్వు ప్రేమించకపోతే నీ ఇష్టం, నేను ప్రేమించానన్నది మాత్రం నువ్వు కూడా మార్చలేవు అంటుంది." ఫోను పక్కన పెట్టి, "మనం ఇబ్రి ఎప్పుడు వెళ్తున్నాం?" అంది.

శుక్రవారం వెళ్ళాం. మూడు గంటల దారి. పండగలకీ పెళ్ళిళ్ళకీ మామను కలుస్తూనే ఉన్నాను. ఈ మాట మాత్రం మా మధ్య ఎప్పుడూ రాలేదు. మామది అక్కడ చిన్న స్పేర్ పార్టుల దుకాణం, వెనకే ఇల్లు. జుట్టు మొత్తం తెల్లబడింది, గోళ్ళ కింద నలుపు పోలేదు. మూల బల్ల మీద ఒక పాత జపాన్ డెక్కు, కారు బ్యాటరీకి తగిలించి ఉంది. జేబులోంచి క్యాసెట్ తీశాను. ప్లాస్టరు పసుపుపచ్చగా మారి ఇంకా అతుక్కునే ఉంది.

మామ దాన్ని చూశాడు. తీసుకుని డెక్కులో పెట్టాడు.

పాట. టక్కు. ఏసీ రొద. కుక్కరు. అమ్మ పిలిచింది. మామ బల్ల అంచు పట్టుకున్నాడు.

"తప్పైంది మామా" అన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

మామ డెక్కు ఆపాడు. "మా అక్క గొంతు, మీ అమ్మ గొంతు ఇనిపిస్తె మాఫ్ చేస్తననుకున్నవా?"

"లేదు."

"గది వేరు, గిది వేరు. నువ్వు నా మాట చెరిపినవ్. నన్ను నవ్వులపాలు చేసినవ్, ఆమె నవ్వకముందే. ఆమె వద్దన్నదానికి నాకు ఒక్క దినం సిగ్గు కాలే. ఒక మనిషిని ఇష్టపడ్డ, అడిగిన, కాదన్నది. దాంట్ల తలొంచుకునుడు ఏమున్నది? ప్రేమించినోనికి సిగ్గెందుకురా? చెరిపినోనికి ఉండాలె."

"ఉంది మామా."

"ఉండనీ."

లోపలి నుంచి అత్త గొంతు వచ్చింది. "ఆ క్యాసెట్ సంగతేనా? పెండ్లైన మూడో దినమే చెప్పిండు నాకు. దాసుకుంటె కొడుదునేమో."

మా అమ్మాయి నవ్వింది. "తాతా, మరి అందులో ఏమన్నారో గుర్తుందా?"

"ఎందుకు లేదు? నీ ఫోను తియ్యి. రికార్డు పెట్టు. నీ నాయిన చెయ్యి మాత్రం దూరంగ ఉండనీ."

తను ఫోను బల్ల మీద పెట్టింది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. మామ మూడుసార్లు దగ్గాడు. అచ్చం అప్పటిలాగే.

"మీరు మంచిగున్నరా, నేను మంచిగున్న. నేను కింది ఇంటామె తమ్మున్ని. నా వేలు మానింది. మీరు ప్లాస్టరు చుట్టిన కాడికెల్లి నాకు పని మీద సోయి లేదు. ఏ నట్టు ఎటు తిప్పితె ఊడుతదో నాకు తెలుసు, గని మీతోని మాట ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వదు. అందుకే ముందుగాల గీ పాట పెట్టిన. పాట మొత్తం ఉంచలే, ఎందుకంటె మిగిలింది నేను చెప్పాలె. మీరంటె నాకు ఇష్టం. మీకు లేకపోతె లేదని చెప్పున్రి, నేనేం సావను..."

"ఇగ రాండ్రి!" అని వంటింట్లోంచి అత్త కేకేసింది. "బువ్వ సల్లగైతుంది!"

మా అమ్మాయి చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. మామ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆపకు బిడ్డా. గది సుత ఉండనీ" అన్నాడు. గొంతు సవరించుకుని, నా వైపు చూస్తూ, వదిలిన చోటి నుంచి మళ్ళీ అందుకున్నాడు.